పాతకాలపు ఇటాలియన్ రెస్టారెంట్‌లో ఏం ఆర్డర్ చేస్తే మంచిది?

మా వీధి చివర ఏళ్ల నాటి ఇటాలియన్ రెస్టారెంట్ ఒకటి ఉంది. గళ్ల టేబుల్ క్లాత్‌లు, కొవ్వొత్తులు, ఎప్పుడూ మారని మెనూ. ఆ చోటంటే నాకు చాలా ఇష్టం, కానీ ధరలు మరీ ఎక్కువ. పోయినసారి కార్బొనారా అనే పాస్తా తెప్పించుకుంటే నిండా క్రీమే. రోమ్‌లో చేసే పద్ధతిలో గుడ్లు, పెకోరీనో చీజ్, ఉప్పులో ఊరబెట్టిన పంది దవడ మాంసం, మిరియాలు మాత్రమే వేస్తారు, క్రీమ్ అసలు వేయరు. అంత డబ్బు పెట్టాక బాధేసింది.

వచ్చే వారం అమ్మానాన్నల పెళ్లిరోజుకి వాళ్లని అక్కడికే తీసుకెళ్తున్నాను, అదే టెన్షన్. ఇలాంటి చోట పెట్టిన డబ్బుకి న్యాయం చేసేవి ఏవి? మాంసంతో గంటల తరబడి ఉడికించే రాగూ సాస్ పాస్తాని నమ్మొచ్చా? క్రీమ్ వద్దని ముందే చెప్తే వంటవాళ్లు నొచ్చుకుంటారా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.