అప్‌డేట్: తప్పు ట్యూబ్‌ది కాదు, క్రిస్టల్‌దే

పోయిన నెల అడిగాను, గుర్తుందా? మా కాలేజీ ల్యాబ్‌లో గామా కిరణాలను కొలిచే సోడియం అయొడైడ్ డిటెక్టర్‌లో సీజియం-137 పీక్ (662 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు) వెడల్పు 7.5 శాతం నుంచి 14కి పోయింది, ఫోటోమల్టిప్లయర్ ట్యూబ్ పోయిందా అని. (గామా కిరణం తగిలితే సోడియం అయొడైడ్ క్రిస్టల్ మెరుస్తుంది, ఆ మెరుపును ట్యూబ్ విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. పీక్ ఎంత సన్నగా ఉంటే అంత మంచిది.) "ముందు క్రిస్టల్ చూడు" అన్నవాళ్లకు దండం.

హై వోల్టేజ్ ఆపి, లైట్లు బాగా తగ్గించి ట్యూబ్ ఊడదీశాం. క్రిస్టల్ వెలుగు ట్యూబ్‌లోకి సాఫీగా దాటడానికి ఆ రెంటి మధ్య రాసే ఆప్టికల్ గ్రీజు ఎండి పెచ్చులు కట్టింది. కొత్తది రాస్తే 12.5కి దిగింది, అంతే. అప్పుడు పక్క ల్యాబ్ క్రిస్టల్‌ని మా ట్యూబ్‌కే తగిలిస్తే 7.2! ట్యూబ్ మీద అనవసరంగా నింద వేశాను.

మా క్రిస్టల్‌ని టార్చి వేసి చూస్తే అంచులంతా పసుపు. సీలు దగ్గర సన్నని పగులు. ఈ ఉప్పు గాలిలో తేమను ఇట్టే పీల్చేస్తుంది. చెడిపోయేటప్పుడు బయటపడే అయొడిన్‌దే ఆ పసుపు. థాలియం కలిపిన ఈ క్రిస్టల్ వెలుగు 415 నానోమీటర్ల దగ్గర, అంటే ఊదా-నీలం. పసుపు పొర సరిగ్గా దాన్నే మింగేస్తుంది. వానాకాలంలో రాత్రిళ్లు ఏసీ ఆపేయడం మా పొదుపు మరి.

తేమకు అంతగా లొంగని సీజియం అయొడైడ్ కొందామనుకున్నాం. కానీ థాలియం కలిపిన దాని వెలుగు 550 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ-పసుపు, నీలానికి స్పందించే మా ట్యూబ్‌కు సరిగా ఆనదు. కాబట్టి మళ్లీ సోడియం అయొడైడే, రెండంగుళాలది. కొటేషన్ సంతకానికి వెళ్లింది.