విప్ స్పైడర్‌కు తెలుగులో ఏం పేరు పెడదాం? కొరడా సాలీడు, తోకలేని తేలు, మొండితేలు...

ప్రశ్న (కడప నుంచి)

అందరికీ నమస్కారం. నల్లమల అంచు పల్లెల్లో బడి పిల్లోళ్ల కోసం ఒక గోడపత్రిక తయారవుతోంది. తేలు, జెర్రి, సాలెపురుగు అయిపోయినాయి. నాలుగోది ఇంగ్లీషులో విప్ స్పైడర్ అనేది. ఫొటోలో బండకు అతుక్కున్నట్టు పలచటి ఒళ్లు, ముందర ముళ్ల చేతులు, దారాల మాదిరి రెండు పొడుగు కాళ్లు ఉన్నాయి. దీన్ని కొందరు కొరడా సాలీడు అంటున్నారు, కొందరు తోకలేని తేలు అంటున్నారు, ఒకరు కొరడా తేలు అని పంపించినారు. బొమ్మ కింద పేరుకూ రెండు మూడు వాక్యాలకూ చోటుంది. ఏ పేరు పెడితే పిల్లోళ్లకు తప్పు అర్థం పోకుండా ఉంటుంది?

అనంతపురం నుంచి

కొరడా తేలు మాత్రం వద్దన్నా. ఆ పేరు ఇంకో ప్రాణికి కావాలి. థెలిఫోనిడా అనే వర్గం ఉంది. వాటికి పొట్ట చివర సన్నటి దారం లాంటి తోక నిజంగానే ఉంటుంది. బెదిరిస్తే అక్కడి నుంచి ఘాటైన ద్రవం చిమ్ముతాయి, అందులో ఎక్కువ భాగం ఎసిటిక్ ఆమ్లం, అంటే వినిగర్‌లో ఉండేదే. ఇప్పుడు మీరు అడుగుతున్న దానికి తోకా లేదు, చిమ్మేదీ లేదు. రెంటికీ ఒకే పేరు పెడితే రేపు అసలు కొరడా తేలు బొమ్మ వేసినప్పుడు దానికి పేరు యాడ తెచ్చుకుంటాం?

కర్నూలు నుంచి

ముందు ప్రాణి ఎట్లాంటిదో చూస్తే సగం పేర్లు వాటంతటవే రాలిపోతాయి.

సాలీడు అనగానే మనకు నేత గుర్తొస్తుంది, సాలె అంటేనే నేతగాడు కదా. దీనికి పట్టు గ్రంథులే లేవు. గూడు అల్లదు, దారం వదలదు, పట్టిన పురుగును చుట్టి పెట్టదు. విషగ్రంథులు కూడా లేవు. అయితే చుట్టరికం చూస్తే తేలుకన్నా సాలీడుకే దగ్గర. తల, రొమ్ము కలిసిన ముందు భాగానికీ పొట్టకూ మధ్య సన్నటి నడుము ఉంటుంది, తేలుకు అది ఉండదు. పుస్తకం పేజీల మాదిరి పొరలుండే ఊపిరితిత్తులు (పుస్తకాకార ఊపిరితిత్తులు) తేలుకు నాలుగు జతలైతే దీనికి రెండే. అంటే వంశాన్ని బట్టి సాలీడు అనొచ్చు, చేసే పనిని బట్టి అనలేం. తోకలేని తేలుకు ఆ సగం న్యాయం కూడా లేదు.

ఇక కొరడా సంగతి. మొదటి జత కాళ్లు నేల మీద ఆనించి నడిచేవి కావు. పైభాగం మామూలుగానే ఉన్నా, కింది భాగం పదుల కొద్దీ చిన్న కణుపులుగా విడిపోయి ఎటంటే అటు వంగుతుంది. పొడవు ఒంటికి ఎన్నో రెట్లు. కొసల నిండా సన్నటి నూగు, అందులో కొన్ని వెంట్రుకలు తాకిడిని పసిగడతాయి, కొన్ని రుచిని, కొన్ని గాలిలో వచ్చే వాసనను. ఒక కాలు ముందుకు చాచి దారి వెతుకుతుంటే రెండోది పక్కకో వెనక్కో తిరుగుతూ కాపలా కాస్తుంటుంది. ఈ రెండు కాళ్లతో అది దేన్నీ బాదదు. అందుకే కొరడా అనే మాట ఆకారానికి సరిపోయి, పనికి అడ్డం తిరుగుతోంది.

ఆ కాళ్ల విలువ తెలియాలంటే కోస్టారికాలో పారాఫ్రైనస్ లేవిఫ్రాన్స్ అనే జాతి మీద చేసిన పరీక్ష చూడండి. 2017లో అచ్చయింది. వీటిని అవి ఉండే చెట్టు నుంచి 10 మీటర్ల దూరంలో, రాత్రిపూట అడవిలో వదిలారు. కళ్లు కప్పేసినవి కూడా ఇల్లు చేరుకున్నాయి. కొరడా కాళ్ల కొసలు పనిచేయకుండా చేసినవి చేరలేకపోయాయి. ఎనిమిది కళ్లుండీ దారి పట్టుకునేది ఆ కాళ్ల కొసలతోనే, బహుశా వాసనను బట్టి అన్నమాట. మెదడులో వాసననూ జ్ఞాపకాన్నీ ముడిపెట్టే భాగాలను పుట్టగొడుగు దేహాలంటారు. మెదడు సైజుతో పోల్చి చూస్తే, కీళ్లకాళ్ల ప్రాణుల్లో ఇంత పెద్ద పుట్టగొడుగు దేహాలు ఉన్నవి చాలా అరుదు.

ముందరి ముళ్ల చేతుల గురించి కూడా ఒక మాట. అవి పెడిపాల్పులు, తేలుకు పట్టకార్లుగా మారినవి ఇవే. వాటిని 'కొండి' అని మాత్రం రాయొద్దు, కొండి అంటే మన దగ్గర తోక మీది ముల్లే. వేట అంతా ఈ చేతులదీ, ఆ పొడుగు కాళ్లదీ కలిసిన పని. బొద్దింకో ఇలకోడో దగ్గరికొస్తే కొరడా కొసలు రెండూ దానికి చెరో పక్కన, ముట్టీ ముట్టనట్టు ఆనిస్తుంది. అవతలిది కదిలితే ఆగుతుంది, ఆగితే ఒక అడుగు జరుగుతుంది. దూరం కుదిరిందని తెలిశాకే ముడుచుకున్న చేతులు విప్పి ఒక్క విసురున మూస్తుంది. రెండు పక్కల ముళ్లూ బోనులా కమ్ముకుంటాయి. విషం లేదు కాబట్టి పట్టు జారితే వేట పోయినట్టే. ఆ తర్వాత నోటి దగ్గర దవడల మాదిరి ఉండే కెలిసెరాలతో నమిలి, ద్రవంగా చేసి పీల్చుకుంటుంది.

ప్రొద్దుటూరు నుంచి

శాస్త్రనామాన్నే పట్టుకుంటే పోలేదా? ఈ వర్గానికి అంబ్లిపిజి అని 1883లో థోరెల్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు. గ్రీకులో అంబ్లిస్ అంటే మొద్దుబారినది, పూగే అంటే పిర్ర. తోక లేక పొట్ట కొస గుండ్రంగా ఆగిపోతుందని దాని భావం. మనకు మొండికత్తి, మొండిచెయ్యి ఉండనే ఉన్నాయి. మొండితేలు అందాం. లేదూ, శాస్త్రీయంగా ఉండాలంటే సంస్కృతంలో కశ అంటే కొరడా, లూత అంటే సాలీడు. కశాలూతం బాగుంటుంది.

అనంతపురం నుంచి

సార్, కశాలూతం అని బోర్డు పెడితే పిల్లోళ్లు అదేదో మందు పేరనుకుంటారు. మొండితేలుతో ఇంకో తంటా ఉంది. మొండి అన్న చోటల్లా మనకు తెగిపోయినది, అరిగిపోయినది అనే అర్థం వస్తుంది. తోక తెగిన తేలు అనుకుంటే, తెగని తేలు ఇంకా విషంతో ఉంటుందని భయపడి రెంటినీ చెప్పుతో కొడతారు. గ్రీకు మాటను ఉన్నదున్నట్టు దించితే మొండిపిర్ర అవుతుంది. అది పెట్టినారంటే ఆ పూట పాఠం సాగదు కదప్పా.

చేసే పని నుంచే పేరు తెద్దాం. అది దారంతా తడుముకుంటూ పోతుంది. తడుముకాళ్ల పురుగు అంటే ఎట్లుంటుంది?

కర్నూలు నుంచి

తడుముకాళ్లు చాలా బాగుంది. ఆ కాళ్లకు పుస్తకాల్లో స్పర్శశృంగాల (కీటకాల మీసాల) వంటి కాళ్లు అని రాస్తున్నారు, దానికన్నా ఇది వెయ్యి పాళ్లు నయం. కానీ 'పురుగు' దగ్గర ఆలోచించండి. మన పల్లెల్లో రాత్రిపూట పురుగు ముట్టింది అంటే పాము కరిచిందనే అర్థం. సాలెపురుగు అన్నప్పుడు ఆ గొడవ లేదు, ఎందుకంటే ఆ మాట పాతుకుపోయింది. కొత్త పేరులో పురుగు వస్తే పెద్దోళ్ల చెవికి మొదట వినబడేది విషమే.

కడప నుంచి (ప్రశ్న అడిగినవారు)

అయితే తల పేరుగా కొరడా సాలీడు ఉంచి, వాక్యంలో తడుముకాళ్లు వాడతాను. ఇప్పటికే ఆ పేరుతో వెతికేవాళ్లు ఉన్నారు. మరి 'కుట్టదు' అనాలా, 'కరవదు' అనాలా?

ప్రొద్దుటూరు నుంచి

రెండూ రాయండి. తేలు కుడుతుంది, పాము కరుస్తుంది, జెర్రి కరుస్తుంది. దీనికి కుట్టే ముల్లు లేదు కాబట్టి కుట్టదు. విషం లేదు, మనిషి మీదికి రాదు కాబట్టి కరవదు. పెద్దదాన్ని పిడికిట్లో పట్టుకుంటే మాత్రం చేతుల మీది ముళ్లు గుచ్చుకుంటాయి. 'గుచ్చుకుంటుంది' అన్న క్రియ వేస్తే తప్పు ఎవరిదో కూడా తెలిసిపోతుంది.

నంద్యాల నుంచి

అన్నా, బొమ్మల్లో తల్లీపిల్లల ఫొటో కూడా ఉందని విన్నాను. దాని కింద 'గుడ్లు పొదుగుతుంది' అని రాసేరు, వద్దు. పొదగడమంటే పైన కూర్చుని వేడి ఇవ్వడం. ఇది గుడ్లను మోస్తుంది, అంతే.

జరిగే తీరు ఇది. మగది కొరడా కాళ్లతో ఆడదాన్ని గంటల తరబడి తాకుతూ, నేల మీద చిన్న కాడ నిలబెట్టి దాని తలన వీర్యపు మూట ఉంచుతుంది. ఆడదాన్ని దాని మీదికి నడిపిస్తుంది, ఆడది ఆ మూటను లోపలికి తీసుకుంటుంది. గుడ్లు పెట్టాక పొట్ట కింద ఒక జిగురు పదార్థం గట్టిపడి సంచి అవుతుంది. అందులో జాతిని బట్టి పదిలోపు నుంచి యాభై అరవై దాకా గుడ్లుంటాయి. ఇంచుమించు మూడు నెలలు ఆ సంచితోనే తిరుగుతుంది. పిల్లలు తెల్లగా, మెత్తగా బయటికొచ్చి తల్లి వీపు మీదికి ఎక్కుతాయి, మొదటి కుబుసం విడిచేదాకా దిగవు. అంతలోపల కింద పడ్డ పిల్ల బతకదు. అందుకే ఫొటో కోసం అట్లాంటి తల్లిని పుల్లతో కదిలించడం, ఊదడం చేయకూడదని పత్రికలోనే ఒక ముక్క రాస్తే మంచిది.

కుబుసం అంటే పాముదే అనేవాళ్లున్నారు, నిర్మోచనం అనమంటారు. కుబుసమే ఉంచండి, పిల్లోళ్లకు అది చూసిన వస్తువు.

అనంతపురం నుంచి

అక్కా, కొన్ని చోట్ల 'తల్లి పిల్లలను నిమురుతుంది' అని రాసినారు. సరేనా?

నంద్యాల నుంచి

చూసిన సంగతి నిజమే, క్రియ మాత్రం కొంచెం ఎక్కువ. తూర్పు ఆఫ్రికాలో ఉండే డామన్ డయడెమా, ఫ్లోరిడాలో దొరికే ఫ్రైనస్ మార్జినిమాక్యులేటస్ అనే రెండు జాతుల తల్లీపిల్లలను బోన్లలో పెంచి గమనించి 2006లో ప్రచురించారు. తల్లి పిల్లల మధ్య కూర్చుని కొరడా కాళ్లతో వాటిని మెల్లగా తాకుతూ ఉండేది, అవీ తల్లిని తాకేవి. ఈ తాకుళ్లు వీపు మీద మోసే రోజులతో ఆగిపోలేదు, పిల్లలు దిగి నెలలు గడిచాక కూడా సాగాయి. పిల్లలను తీసి కొత్త చోట చెదరగొట్టి వదిలితే మళ్లీ ఒక చోటికి చేరేవి. ఒంటరిగా తిరిగి, ఎదురుపడితే తమ జాతినే తినే ప్రాణులు ఎక్కువగా ఉన్న ఈ సాలీళ్లు, తేళ్ల తరగతిలో ఇది వింతే. అయినా నిమరడంలో ప్రేమ ఉంది, దాన్ని మనం చేర్చినట్టు అవుతుంది. 'కాళ్లతో పిల్లలను తాకుతూ ఉంటుంది' చాలు. ఆ జాతుల పేర్లు కూడా వేయండి, మన దగ్గరి ఫ్రినికస్ అనే ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) అంటగట్టకూడదు.

కడప నుంచి (ప్రశ్న అడిగినవారు)

ఫొటోలోది ఫ్రినికస్ ఆంధ్రేన్సిస్ అని వేయొచ్చా? మన రాష్ట్రం పేరు కదా, పిల్లోళ్లకు ముచ్చటగా ఉంటుంది.

కర్నూలు నుంచి

ముచ్చట కోసం వేయొద్దు. ఆ పేరుతో 2005లో జాతిని వర్ణించిన మాట నిజమే. కానీ ఫ్రినికస్ ప్రజాతిలో ఒక జాతికీ ఇంకో జాతికీ తేడా చేతుల ముళ్ల అమరికలో, కాళ్ల కణుపుల లెక్కలో ఉంటుంది. పై నుంచి తీసిన ఫొటోలో అవి కనబడవు. 'ఫ్రినికస్ ప్రజాతి' అని ఆపండి.

పిల్లోళ్లు పత్రిక చూసి బండలు లేపడం మొదలుపెడతారు, దాని మీద కూడా రెండు మాటలు వేయండి. కుబుసం విడిచేటప్పుడు ఇది బండ అడుగున తలకిందులుగా వేలాడి, పాత తోలులోంచి కిందికి జారుతుంది. కింద తన ఒంటికన్నా ఎక్కువ ఖాళీ ఉండాలి, చెమ్మ ఉండాలి. నాపరాయి పలకను లేపి మళ్లీ నేలకు అదిమి పెట్టేస్తే ఆ ఖాళీ పోతుంది. పొడిబారితే పొడుగు కాళ్లు తోల్లో ఇరుక్కుంటాయి, వంకరగా గట్టిపడతాయి. కొత్తగా విడిచినది పాలిపోయి, కొంచెం పచ్చగా ఉంటుంది, చాలామంది దాన్ని వేరే జాతి అనుకుంటారు. కాలు పట్టి లాగితే కీలు దగ్గర తనే వదిలేసుకుని పారిపోతుంది. పెద్దయ్యాక కూడా కుబుసాలు విడుస్తూనే ఉంటుంది కాబట్టి తర్వాతి విడతల్లో కాలు మళ్లీ వస్తుంది, కానీ కొరడా కాలైతే కణుపుల లెక్క మునుపటి మాదిరి ఉండకపోవచ్చు. చూడాలంటే రాత్రిపూట, బండ సందులోకి ఎర్రకాగితం కట్టిన టార్చి వేసి చూడమనండి. రాయి కదపాల్సిన పనే లేదు.

కడప నుంచి (ప్రశ్న అడిగినవారు)

ఇట్లా రాసినాను, చూడండి:

'కొరడా సాలీడు (ఫ్రినికస్ ప్రజాతి). దీనికి ఆరు కాళ్లు, రెండు కొరడాలు ఉంటాయి. విషం లేదు, కుట్టదు, కరవదు, గూడు అల్లదు. పొడుగాటి తడుముకాళ్లతో దారిని, వాసనను, వేటను కనిపెడుతుంది.'

అనంతపురం నుంచి

రెండో వాక్యం మార్చన్నా. ఆరు కాళ్లు అంటే పిల్లోళ్లు కీటకం కింద లెక్క వేస్తారు. కొరడాలు కూడా కాళ్లే. 'ఎనిమిది కాళ్లలో ఆరింటితో నడుస్తుంది, ముందరి రెంటితో తడుముతుంది' అని పెట్టు. అప్పుడు చివరి వాక్యంలో తడుముకాళ్లు యాడి నుంచి వచ్చినాయో కూడా తెలుస్తుంది.

నంద్యాల నుంచి

బొమ్మ పక్కన ఒక సెంటీమీటరు గీత కూడా వేయించండి. తేలు బొమ్మ, ఇదీ ఒకే సైజులో అచ్చయితే కొరడాలు చూసి మూరెడు ప్రాణి అనుకుంటారు. కొరడాలు తీసేస్తే ఒళ్లు రెండు మూడు సెంటీమీటర్లే.