ఏడాదికి 45 వేల కి.మీ. తిరిగేవాడికి లీజా, కొనుక్కోవడమా?

తిరుగుడుబండి:
ఆసుపత్రుల్లో స్కానింగ్ మిషన్లు బాగుచేసే పని నాది. ఫోన్ వస్తే బయల్దేరడమే. పోయిన ఏడాది 45 వేల కి.మీ. తిరిగాను, ఈ ఏడాదీ తగ్గే సూచనల్లేవు. ఉన్న కారు గేర్‌బాక్స్ మూలుగుతోంది. షోరూంవాళ్లు లీజు తీసుకోమంటున్నారు. మూడేళ్లు, ఏడాదికి 20 వేల కి.మీ. పరిమితి, నెల వాయిదా లోను ఈఎంఐలో మూడింట రెండొంతులే. మనసు లాగుతోంది. మా ఆవిడ మాత్రం "అంత చౌకగా ఎవడిస్తాడు, చిన్న అక్షరాలు చదివావా?" అంటోంది. నాలాగా తిరుగుతూ లీజు తీసుకున్నవాళ్లెవరైనా ఉన్నారా?

పాతటైరు:
ఉన్నానండీ, చేయి కాల్చుకున్నవాణ్ని. మీ ఆవిడ మాట వినండి.

నాదీ మూడేళ్ల లీజే. పరిమితి ఏడాదికి 15 వేల కి.మీ., నేను ఏడాదికి తిరిగింది 38 వేలు. "చివర్లో చూసుకుందాంలే" అనుకున్నాను. బండి తిరిగిచ్చే రోజు ఒకాయన చిన్న టార్చి, టైరు గాడి లోతు కొలిచే పుల్ల పట్టుకుని వచ్చాడు. ముందు మీటరు ఫొటో తీశాడు. తర్వాత బానెట్ మీద వేలు పెట్టి రాళ్లు తగిలిన చుక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. హైవే మీద లారీల వెనక తిరిగితే చుక్కలు పడక ఏం పడతాయి? అద్దం మీదా అంతే. పగలు కనపడవు గానీ రాత్రి ఎదుటి లైటు పడితే చుక్కలన్నీ మెరుస్తాయి. టైర్లు అరిగాయన్నాడు. 69 వేల కి.మీ. అదనానికీ, ఈ చిల్లర మల్లర వాటికీ కలిపి బిల్లు దాదాపు 20 నెలల వాయిదాలంత అయింది. తడిసి మోపెడంటే ఏంటో ఆ రోజు తెలిసింది.

చివరికి ఆ బండే కొనేశాను. కొనుక్కుంటే అదనపు కి.మీ. డబ్బులు వదిలేస్తామని నా అగ్రిమెంటులో ఉంది. కానీ కొనే ధర 45 వేల కి.మీ. తిరిగిన బండికని మొదట్లోనే రాసుకున్నది. నా బండేమో 1,14,000 తిరిగింది. బజార్లో దానికంత రాదు. బిల్లు కట్టి ఖాళీ చేతులతో ఇంటికి రావడం కన్నా నయమని సర్దుకున్నాను.

వాయిదా తక్కువ ఎందుకంటే, మూడేళ్లలో బండి ధర ఎంత పడిపోతుందో అంతా, బండి మీద వాళ్లు పెట్టిన డబ్బుకి వడ్డీ మాత్రమే మీరు కడతారు. ఆ పడిపోవడం లెక్కేసింది 60 వేల కి.మీ.కి. మీరు తిరిగేది 1,35,000. మిగతా 75 వేల డబ్బు ఎక్కడికీ పోలేదు, చివరి రోజు కోసం ఎదురుచూస్తోందంతే.

స్పానర్‌బాబాయ్:
వారంటీ సంగతి ఎవరూ ఎత్తలేదు. మూడేళ్లు లేదా లక్ష కి.మీ., ఏది ముందైతే అది అని ఉందనుకో, నీకు రెండేళ్ల మూడు నెలలకే లక్ష దాటిపోతుంది. మిగిలిన తొమ్మిది నెలలు నీది కాని బండికి నీ జేబులోంచి రిపేర్లు. ఇంతకన్నా చిత్రం ఉంటుందా తమ్ముడూ?

లీజే కావాలంటే 45 వేలకి ఇప్పుడే ఒప్పందం రాయించుకో. ముందే కొన్న కి.మీ. మామూలుగా చివర్లో పడే జరిమానా కన్నా చౌక. ఆ వాయిదా ఎంతో అడిగి, అప్పుడు పోల్చు.

కొనేటట్టయితే లోను ఐదేళ్లకి సాగదీయకు. ఐదేళ్లకి రెండు లక్షల పాతిక వేల కి.మీ.కి పోతావు, మధ్యలో బండి విలువ కన్నా బాకీ ఎక్కువుండొచ్చు. ఆ టైంలో యాక్సిడెంట్ అయి బండి తుక్కయితే ఇన్సూరెన్స్‌వాడు విలువే ఇస్తాడు, మిగతా బాకీ నీ నెత్తిన. నేనైతే రెండు మూడేళ్ల పాత బండి కొంటాను, ధర పడిపోయే మొదటి దెబ్బ వేరేవాడు తిని ఉంటాడు. హైవే మీద తిరిగిన ఇంజను ఊళ్లో నలిగినదాని కన్నా బాగుంటుంది, బ్రేకులు కూడా. ఆయిలు మాత్రం టైముకి మార్చు.

తిరుగుడుబండి:
బాబాయ్, అడిగాను. 45 వేలకి రాస్తే వాయిదా ఈఎంఐని దాటిపోయింది! కుర్రాడు కాసేపు క్యాలిక్యులేటర్ వైపు చూసి "కావాలంటే 30 వేలకి రాద్దాం సార్" అన్నాడు. నా తిరుగుడు ఆయన తగ్గిస్తాడా? ఆదివారం ఒక రెండేళ్ల బండి చూడబోతున్నాను, మీటరు 62 వేలు చూపిస్తోందట. ఏం చూడమంటారు?

స్పానర్‌బాబాయ్:
ముందు బ్రేకు పెడల్ రబ్బరు చూడు, తర్వాత స్టీరింగు మీద చెయ్యి వేసే చోటు. 62 వేలకే రబ్బరు నున్నబడి, స్టీరింగు గాజులా మెరుస్తుంటే మీటరు అబద్ధమాడుతోందేమోనని అనుమానించు. సర్వీసు పుస్తకంలో తేదీ పక్కన రాసిన కి.మీ. వరసగా పెరిగాయో లేదో చూసుకో. పుస్తకం పోయిందంటే ఇంకో బండి చూద్దువు గాని.