ఉదయగిరి కొండ మీద ఒక రాత్రి: గైడ్ వాళ్లింటి వాళ్లతో ఎలా?

అందరికీ నమస్కారం. మాది కావలి. వచ్చే శనివారం ఉదయగిరి దుర్గం ఎక్కుతున్నాం. కృష్ణదేవరాయలు గజపతుల మీద ఏడాదికి పైగా ముట్టడి వేసి 1514లో గెలిచిన కోట అది, మేం ఒక్క రాత్రికే ఇంత కంగారు పడుతున్నాం!

దారి చూపే ఆయన మేకలు కాస్తాడు. ‘మా ఇంటిదీ పిల్లలూ కూడా వస్తారు, పైనే వండుకుందాం’ అన్నాడు. కూలి ఎంతంటే తల గోక్కుని ‘మీ ఇష్టం సార్’ అంటాడు. అసలు టెన్షన్ అదే. ఎంతివ్వడం మర్యాద? బియ్యం, పప్పు, నూనె మేమే తీసుకెళ్తే చిన్నబుచ్చుకుంటారా? పిల్లలకు ఏం పట్టుకెళ్లాలి?

ఇంకోటి, రాత్రి పైన ఉండాలంటే అటవీ శాఖలో ఎవరిని అడగాలి? పైన కోనేటి నీళ్లు కాచి తాగొచ్చా? మా ఆవిడ ఇప్పటికే రెండు క్యాన్లు సిద్ధం చేసింది, మోసేది మాత్రం నేను. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.