‘ప్రభువు చిత్తమైతే’: ఇది ఏ చిత్తం?

మొదటి పోస్టు

గ్రూపులో అందరికీ వందనాలు. నాలుగు రోజులుగా ఒక మాట నన్ను వదలడం లేదు, అందుకే అడుగుతున్నాను.

మా సంఘం యవనస్థులు పద్నాలుగు మందిమి విశాఖ నుంచి పాడేరు పైన ఒక కొండ ఊరికి మిషన్ ట్రిప్ వెళ్లాలనుకున్నాం. పొద్దున పిల్లలకు వీబీఎస్ (సెలవుల బైబిలు బడి), సాయంత్రం ఇంటింటి ప్రార్థన, ఐదు రోజులు. మొదట పెట్టుకున్న తేదీలకు మాలో ఆరుగురికి పరీక్షలు వచ్చిపడ్డాయి. రెండోసారి వానలకు ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడి బస్సులు ఆపేశారు. మూడోసారి, అక్కడ మాకు ఆతిథ్యం ఇవ్వాల్సిన సేవకుడిగారి తల్లికి జబ్బు చేసింది. ఆయన ఆవిడను తీసుకుని విశాఖలో ఆస్పత్రికి వచ్చేశారు.

ప్రతిసారీ వాట్సాప్‌లో కొత్త తేదీ పెట్టి, కింద ‘ప్రభువు చిత్తమైతే’ అని రాశాను. మూడోసారి రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ఈ మాట నమ్మి రాస్తున్నానా, రేపు తేదీ తప్పితే ఎవరూ ఏమీ అనకుండా ముందే అడ్డం పెట్టుకుంటున్నానా?

యాకోబు పత్రిక 4:15లో ఉంది: ‘ప్రభువు చిత్తమైతే మనము బ్రదికియుండి ఇది అది చేతము’ అని చెప్పుకోవాలట. గ్రీకులో అక్కడున్నది క్రియ, ‘ప్రభువు కోరితే’ అని. మన అనువాదకులు దాన్ని ‘చిత్తమైతే’ చేశారు. ‘తలిస్తే’ అనొచ్చు, ‘ఇష్టమైతే’ అనొచ్చు. చిత్తమే ఎందుకు? రాజుల సినిమాల్లో భటుడు ‘చిత్తం మహాప్రభూ’ అంటాడే, అదీ ఇదీ ఒకటేనా?

తెలుగు మాస్టారు ఒకరి జవాబు

ఒకటేనమ్మా. చిత్తమంటే సంస్కృతంలో మనసు. ఏకచిత్తం, చిత్తచాంచల్యం, వేమన చెప్పిన ‘చిత్తశుద్ధి లేని శివపూజలేలరా’, అన్నిట్లోనూ ఉన్నది ఆ మనసే. తెలుగులోకి వచ్చాక దానికి మర్యాద తోడైంది. ‘తమ చిత్తం’ అంటే తమరెలా అనుకుంటే అలా. ఒట్టి ‘చిత్తం’ అన్నా చాలు, ‘అలాగేనండి’ అన్నట్టే. పాత ఉత్తరాల చివర ‘చిత్తగించవలెను’ అని ఉంటుంది, మనసుపెట్టి ఆలకించమని.

చూశారా, పెద్దవారి సంకల్పమూ చిత్తమే, చిన్నవారి జవాబూ చిత్తమే. ‘ఇష్టం’ అనే మాట ఈ రెండో పని చెయ్యదు. పెద్దాయన పని చెబితే ‘ఇష్టం’ అని బదులివ్వలేం కదా. అనువాదకులు ఇదంతా లెక్కవేసి పెట్టారో లేదో గానీ, మాట మాత్రం బాగా కుదిరింది.

మరొకరు

‘తానొకటి తలిస్తే దైవమొకటి తలిచింది’ అని మనవాళ్లు అనేదీ ఇదే కదండీ?

పోస్టు రాసినామె

నేనూ మొదట అలాగే అనుకున్నానండీ. కానీ ఆ సామెత పని చెడిపోయాక నిట్టూర్చి అనేది. ‘చిత్తమైతే’ బయల్దేరకముందే అనేది. ఇంకో తేడా కూడా ఉంది. సామెతలో మనిషి తలపు ఒక దారి, దైవం తలపు ఇంకో దారి. సామెతలు 16:9 చూడండి: ‘ఒకడు తాను చేయబోవునది హృదయములో యోచించుకొనును, యెహోవా వాని నడతను స్థిరపరచును.’ ఇక్కడ మనిషి యోచించడం తప్పని లేదు, దేవుడు ఆ యోచనను కూలగొట్టాడనీ లేదు. స్థిరపరిచేది నడతను. ఇప్పుడు మనం నడత అంటే ప్రవర్తన అనుకుంటాం, ఆదివారం బడిలో నాకు చెప్పిన అర్థం కూడా అదే. హెబ్రీ మూలంలో ఉన్నది అడుగు అనే మాట. నడత కూడా నడకలోంచి పుట్టిందే. కాబట్టి ఈ వచనం గుణగణాల గురించి కాదు, కాలు తీసి ఎక్కడ వెయ్యాలన్నదాని గురించి. నాకైతే ఇది పెద్ద ఊరట. దారంతా ముందే చూపిస్తానని ఆయన అనలేదు.

నల్లగొండ దిక్కు నుంచి ఒక తమ్ముడు

అక్కా, మీ చర్చ మంచిగుంది గని నాకు ఈ మాటతోని ఒక ఇబ్బంది ఉంది. మా తాత దొర దగ్గర జీతమున్నడు. చేతులు కట్టుకొని ‘చిత్తం దొరా’ అనుకుంట నిలబడేటోడని మా నాయన చెప్తడు. ఆ మాట వింటే నాకు దేవుడు యాదికి రాడు, దొర గడీ యాదికొస్తది. ప్లాను మారినప్పుడల్లా ‘చిత్తం’ అని తల వంచుడేనా విశ్వాసమంటే? నాకు వెళ్లాలనుంది అని గట్టిగ అనే హక్కు లేదా మనకు?

రిటైరైన పాస్టరుగారు ఒకరు

తమ్ముడు మంచి ప్రశ్న వేశాడు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం ఒకసారి తీయండి. పౌలు బృందం ఆసియలో (ఖండం కాదు, ఇప్పటి టర్కీలో ఉన్న ఒక రోమా రాష్ట్రం) వాక్యం చెప్పాలనుకుంది, పరిశుద్ధాత్మ ‘ఆటంకపరచినందున’ కుదరలేదు. బితూనియకు ప్రయత్నించారు, యేసు ఆత్మ ‘వెళ్లనియ్యలేదు’. ఎలా ఆపాడో ఆ పుస్తకం రాసిన లూకా చెప్పలేదు. జబ్బో, దారో, ఎవరైనా చెప్పిన మాటో, మనకు తెలియదు. రెండుసార్లు వద్దని విన్న మనుషులు, ఎటు అన్నది ఎవరూ చెప్పకుండానే, త్రోయ రేవు దాకా నడిచారు. వచ్చి సాయం చెయ్యమని మాసిదోనియ మనిషి దర్శనంలో కనబడింది అక్కడికి చేరాకే. ఆసియ తలుపు తర్వాత తెరుచుకుంది, ఎఫెసులో పౌలు రెండేళ్లకు పైగా ఉన్నాడు. బితూనియలోనూ విశ్వాసులు ఉన్నారని పేతురు మొదటి పత్రిక మొదటి వచనమే చెబుతుంది. అక్కడికి సువార్త వెళ్లింది, లూకా రాసినంతవరకు పౌలు మాత్రం వెళ్లలేదు.

ప్లాను మార్చినందుకు ఆయన మాటలు కూడా పడ్డాడు. కొరింథుకు వస్తానని రాలేదు. రెండో కొరింథీ పత్రిక 1:17లో ‘చపలచిత్తుడనుగా నడుచుకొంటినా?’ అని అడుగుతాడు. అందులోనూ మన చిత్తం ఉంది చూడండి. చపలచిత్తమూ, ప్రభువు చిత్తానికి లోబడడమూ బయటివాళ్లకు ఒకేలా కనిపిస్తాయి, తేదీ మారింది అంతే. ఆడిపోసుకున్నారని పౌలు ఊరుకోలేదు, కారణం విప్పి చెప్పాడు. అమ్మా, నీ వాట్సాప్‌లోనూ ‘ప్రభువు చిత్తమైతే’ ఒక్కటే రాసి వదలకు, తేదీ ఎందుకు మారిందో కూడా రాయి.

అదోనిరాం జడ్సన్ అనే మిషనరీ సంగతి మా నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లో పెద్దలకు తెలుసు. 1812లో అమెరికా నుంచి భారతదేశానికని బయల్దేరాడు. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ వెళ్లిపొమ్మంది. మారిషస్ వెళ్లి, మళ్లీ మద్రాసు వచ్చారు. అక్కడా ఉండనివ్వరని తెలిసి, దొరికిన ఓడ ఎక్కితే అది రంగూన్‌కు. 1813 జూలై 13న దిగారు. ఆ దేశంలోనే జీవితమంతా గడిపి బర్మా భాషలోకి బైబిలు తర్జుమా చేశాడు. ఆయనకు అండగా 1814లో అమెరికన్ బాప్టిస్టులు కట్టుకున్న సంఘమే తర్వాత శామ్యూల్ డే అనే మిషనరీని తెలుగువారి దగ్గరికి పంపింది. ఆయన 1836లో ఈ దేశం వచ్చి 1840లో నెల్లూరు చేరాడు. ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది ఒక సంగతి దాటేస్తారు. మద్రాసు నుంచి రంగూన్ వెళ్లే ఆ ఓడలోనే జడ్సన్ భార్యకు బిడ్డ చనిపోయి పుట్టింది. తర్వాత పండిన పంటను చూపించి ఆ రాత్రిని తేలిక చెయ్యడానికి మనమెవరం?

తెలుగు మాస్టారు

పాస్టరుగారూ, చిన్న చేర్పు. మొదటి కొరింథీ 16:7లో పౌలు ‘ప్రభువు సెలవైతే’ అంటాడు. అక్కడ గ్రీకు క్రియ వేరు, అనుమతించడం అని. మనవాళ్లు మాట మార్చి ఆ తేడా నిలబెట్టారు. సెలవంటే అనుమతి, ‘సెలవిచ్చారు’ అంటే పలికారు. దీనిమీద వేరే పోస్టు పెట్టాలి.

పోస్టు రాసినామె

తమ్ముడూ, నీ ప్రశ్నకు రెండు రోజులు జవాబు దొరకలేదు. నిన్న రాత్రి లూకా 22:42 దగ్గర ఆగాను. పట్టుబడే ముందు గెత్సేమనే తోటలో యేసు ప్రార్థన: ‘నా యిష్టము కాదు, నీ చిత్తమే సిద్ధించును గాక.’ గ్రీకులో ఇద్దరిదీ ఒకే మాట, థెలేమ. తెలుగులో కొడుకుది ‘ఇష్టం’ అయింది, తండ్రిది ‘చిత్తం’ అయింది. మత్తయి 26:39లోనూ అంతే. ఇదివరకు ఇది మర్యాద కోసం చేసిన మార్పనుకునేదాన్ని. ఇప్పుడు నాకు కనబడుతున్నది ఇష్టం అనే మాట. గడీ ముందు నిలబడ్డ మీ తాతగారికి ఒక ఇష్టం ఉందని నోరు తెరిచి చెప్పే వీలుందా? ఇక్కడ యేసు ‘ఈ గిన్నె తొలగించు’ అని, అంటే ఈ శ్రమ తప్పించమని, ముందు అడిగాడు. అంతకంటే ముందు ‘తండ్రీ’ అని పిలిచాడు. ఆ పిలుపు తర్వాత వచ్చే చిత్తం, ‘దొరా’ అన్న పిలుపు ముందు చెప్పే చిత్తం ఒకటి కావు. అయినా మీ ఇంట్లో ఆ మాట మోసిన బరువు నాకు తెలియదు, నువ్వు ఇంకో మాటతో ప్రార్థిస్తే నేను తప్పనను.

ఈ రోజు వాట్సాప్‌లో ఇలా రాశాను: ‘మాకు పాడేరు రావాలని చాలా ఉంది. ఆ పిల్లల కోసం బొమ్మలు కత్తిరించి పెట్టుకున్నాం. సేవకుడిగారి అమ్మకు నయమయ్యేదాకా తేదీ పెట్టడం లేదు. ప్రభువు చిత్తమైతే వస్తాం.’ ఈసారి చెయ్యి ఆగలేదు.

వారంగా ఇద్దరిద్దరం వంతులు వేసుకుని ఆస్పత్రికి ఆవిడకు జావ పట్టుకెళ్తున్నాం. మా ప్లానులో లేని పని. దేవుడు మమ్మల్ని ఆపింది ఇందుకేనని మాలో ఒకమ్మాయి అంది. ఆవిడ జబ్బు మాకోసం వచ్చిందనడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ మాట్లాడేది కుపియ, తెలుగు కొంచెమే వచ్చు. నిన్న మా చేత పది దాకా అంకెలు చెప్పించింది, ఏడు దగ్గర నేను మూడుసార్లు తప్పాను. రేపు మళ్లీ నా వంతే.