పాస్‌ల కాలంలో రన్ ఆట ఇంకా పనిచేస్తుందా?

నాలుగో డౌన్:

అందరికీ నమస్కారం. మనం ఆడే ఈ అమెరికన్ ఫుట్‌బాల్ సిమ్యులేషన్‌లో నా జట్టు మొదటి నుంచీ రన్‌నే, అంటే బంతి పట్టుకుని పరుగెత్తడాన్నే, నమ్ముకుంది. మ్యాచ్‌లు నడిపే కొత్త ఇంజన్ వచ్చాక ఆ నమ్మకం సడలుతోంది. లీగ్‌లో ఎవరి మ్యాచ్ లాగ్ తెరిచినా పాస్ తరువాత పాస్, అంటే బంతి విసరడమే. రన్ ఉంటే అది పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ ఊపిరి తీసుకోవడానికే అన్నట్టు ఉంటోంది.

నా దగ్గర వేగం, బలం రెండూ 90 దాటిన రన్నింగ్ బ్యాక్ ఉన్నాడు. జీతాల పరిమితిలో పెద్ద వాటా అతనికే పోతోంది. అయినా సగటున మూడున్నర గజాలు రావడమే గగనమైపోయింది. పది గజాలు సాధించడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో, అంటే డౌన్‌లలో, నాది ఒకటే వరస: ఒకటో డౌన్‌లో లోపలి రన్, రెండో డౌన్‌లో బయటి రన్, మూడో డౌన్‌లో విధిలేక పాస్. ఇదే పద్ధతితో ఒకప్పుడు డివిజన్ గెలిచాను. ఇప్పుడేమో మూడో డౌన్ వచ్చేసరికి ఇంకా ఏడెనిమిది గజాలు మిగులుతున్నాయి. పాస్ తప్ప మరో దారి లేదని అవతలివాళ్లకు కూడా తెలిసిపోతోంది.

సూటిగా అడుగుతున్నాను. రన్‌కు కాలం చెల్లిందా? ఇతన్ని అమ్మేసి పాస్‌లు అందుకునే ఒక మంచి రిసీవర్‌ను తెచ్చుకోమంటారా?

దూరపు పాస్:

అమ్మేయండి. ఇందులో ఆలోచించాల్సింది ఏముంది? మైదానంలో ఆడే అసలు ఆటలోనే ఒక రన్‌కు నాలుగు గజాల పైచిలుకు వస్తుంది. సాక్‌లలో, అంటే పాస్ వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టినప్పుడు, పోయిన గజాలు తీసేసినా పాస్‌కు ఆరు వస్తాయి. 1978లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ నిబంధనలు మార్చింది. ఐదు గజాలు దాటాక రిసీవర్‌ను అడ్డుకోకూడదంది, ముందు వరుసలో అడ్డుపడే లైన్ ఆటగాళ్లు చేతులు చాచి బ్లాక్ చేయవచ్చంది. అప్పటి నుంచీ గాలి పాస్ వైపే వీస్తోంది. ఇంజన్ తయారుచేసేవాళ్లు ఆ లెక్కలు చూడకుండా ఉంటారా? ఒక్క గజం మిగిలితే తప్ప నేను రన్ ఆడను. పట్టికలో నా జట్టు ఎక్కడుందో మీరే చూసుకోండి.

కుడి గార్డు:

దూరపు పాస్ గారి జట్టు పట్టికలో పైనే ఉంది, కాదనడం లేదు. ఆయన లెక్కే నాకు మింగుడు పడలేదు.

సగటును సగటుతో పోల్చితే ఏమీ తేలదు. నాలుగేసి గజాల రన్ మూడుసార్లు ఆడితే పన్నెండు కావాలి, అంటే ప్రతిసారీ మళ్లీ ఒకటో డౌన్ దక్కాలి. దక్కదు. ఆ నాలుగు ఎలా వచ్చింది? ఒకటి, రెండు, సున్నా, మూడు, వాటి మధ్య ఒక పద్నాలుగు. పాస్‌ది కూడా అదే కథ, మూడింట ఒకటి నేలపాలవుతుంది. కాబట్టి లాగ్‌లో నేను చూసేది వేరు. ఒకటో డౌన్‌లో నాలుగైదు గజాలు వచ్చాయా, రెండో డౌన్‌లో మిగిలినదాంట్లో సగానికి పైగా వచ్చిందా, మూడో డౌన్‌లో మొత్తం వచ్చిందా అన్నది ఒక్కటే. ప్రతి ఆట పక్కన అవును, కాదు అని రాసుకుంటూ పోండి. మీ రన్ ఎక్కడ పనిచేస్తోందో, ఎక్కడ డౌన్ దండగ అవుతోందో కళ్లకు కడుతుంది.

ఇక అసలు సంగతి. రన్ గెలిచేదీ ఓడేదీ బంతి అందుకోకముందే, బాక్స్‌లో, అంటే మీ లైన్‌కు ఎదురుగా దగ్గర్లో, అవతలివాళ్లు ఎంతమంది నిలబడ్డారన్నదాన్ని బట్టి. మీకు లైన్‌లో ఐదుగురు, పక్కన ఒక టైట్ ఎండ్. బ్లాక్ చేసేవాళ్లు మొత్తం ఆరుగురు. బంతి చేతికిచ్చాక క్వార్టర్‌బ్యాక్ ప్రేక్షకుడే. ఎదురుగా ఎనిమిది మంది నిలబడితే ఇద్దరికి అడ్డే ఉండదు. అక్కడ మీ 90 వేగం ఏం చేస్తుంది? ఆరుగురే ఉంటే మాత్రం మనిషికి మనిషి సరిపోతాడు, మీవాడు వెనకనున్న ఆఖరి డిఫెండర్ సేఫ్టీని తప్పించుకుంటే చాలు.

ఇప్పుడు మన లీగ్ చూడండి. అందరూ పాస్ ఆడుతున్నారు కాబట్టి అందరూ పాస్‌ను ఆపే జట్లే కట్టుకున్నారు. లైన్ వెనక నిలిచి రన్ ఆపే బరువైన లైన్‌బ్యాకర్లను అమ్మేసి, వాళ్ల స్థానంలో రిసీవర్లను కాపు కాసే, వేగం ఉన్న చిన్న కార్నర్‌లను తెచ్చుకున్నారు. ఐదుగురు వెనక ఆటగాళ్లతో ఆడే నికెల్ చాలామందికి మామూలు అమరిక అయిపోయింది. రన్ ఆడేవాడికి ఇంతకంటే మంచి సీజన్ దొరకదు. అయితే మీరు రన్నింగ్ బ్యాక్ ముందు బ్లాక్ చేసే ఫుల్‌బ్యాక్‌ను, ఇద్దరు టైట్ ఎండ్‌లను దించిన మరుక్షణం వాళ్ల ఆటోమేటిక్ అమరిక కూడా బరువైన మనుషులను దించుతుంది. మీరు రన్ అని చాటింపు వేసి మరీ రన్ ఆడుతున్నారు. ముగ్గురు రిసీవర్లను పెట్టి, ఆ అమరికలోంచి రన్ ఆడి చూడండి.

అమ్మే విషయానికి వస్తే, తొందరపడకండి. ఎన్‌ఎఫ్‌ఎల్ రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్‌లీ 2023లో న్యూయార్క్ జెయింట్స్‌కు ఆడి 962 గజాలు చేశాడు, సగటు 3.9. మరుసటి సీజన్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు మారి 2,005 గజాలు చేశాడు, సగటు 5.8. అతని కాళ్లు అవే, ముందున్న ఐదుగురే వేరు. మీ లైన్ అంకెలు ఒక్కటీ ఇక్కడ పెట్టలేదు మీరు. రన్ గురించి అడిగేవాళ్లు ఎప్పుడూ బంతి పట్టుకున్నవాడి అంకెలే ఎందుకు చెబుతారో నాకు అర్థం కాదు.

దూరపు పాస్:

బార్క్‌లీ కథ సగంలో ఆపేశారేమండీ? అదే సీజన్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో, 2025 ఫిబ్రవరిలో, కాన్సాస్ సిటీ అతన్ని 25 రన్‌లకు 57 గజాల దగ్గర కట్టేసింది. ఈగల్స్ 40-22తో గెలిచిందంటే అందులో జేలెన్ హర్ట్స్ వేసిన పాస్‌ల చలవ లేదా?

కుడి గార్డు:

ఉంది, ఎందుకు లేదు? ఆ రోజు ఈగల్స్ డిఫెన్స్ చలవ ఇంకా ఎక్కువ. కానీ 57 గజాలే వస్తున్నా ఆ జట్టు అతనికి 25 సార్లు బంతి ఇచ్చింది చూశారా? రన్ వస్తుందేమోనన్న అనుమానం అవతలివాళ్లలో బతికుండాలి.

దూరపు పాస్:

అనుమానం కోసం డౌన్‌లు తగలేయాల్సిన పని లేదు. రన్ అన్నట్టు భ్రమపెట్టి వేసే ప్లే యాక్షన్ పాస్, ముందు రన్ బాగా ఆడని జట్లకు కూడా పనిచేస్తుందని అసలు ఆటను లెక్కగట్టినవాళ్లు ఎప్పుడో తేల్చారు. లైన్‌బ్యాకర్ గజాల సగటు చూసి ముందుకు ఉరకడు, చేతికిస్తున్న బంతిని చూసి ఉరుకుతాడు.

కుడి గార్డు:

మైదానం విషయంలో ఒప్పుకుంటాను. మన ఇంజన్ అలా నడవదు. ఇది గత మ్యాచ్‌లలో మీ రన్, పాస్‌ల వాటా చూసి అవతలి జట్టు ఊహను నిర్ణయిస్తుంది. మీ ప్లే యాక్షన్ పాస్‌ల లాగ్ చూశాను, లైన్‌బ్యాకర్లు కదలనే కదలడం లేదు. మీ రిసీవర్లు అంత మంచివాళ్లు కాబట్టి నెట్టుకొస్తున్నారు.

నాలుగో డౌన్:

ఇద్దరికీ ధన్యవాదాలు. చివరి మ్యాచ్ లాగ్‌లో ఒక ముక్క పెడుతున్నాను.

ఒకటో డౌన్, 10 గజాలు. ఐ ఫార్మేషన్ (క్వార్టర్‌బ్యాక్ వెనక ఫుల్‌బ్యాక్, అతని వెనక రన్నింగ్ బ్యాక్), లోపలి రన్ ఎడమకు. బాక్స్‌లో 8. ఎడమ గార్డు బ్లాక్ తప్పింది. 1 గజం.
రెండో డౌన్, 9 గజాలు. ఐ ఫార్మేషన్, బయటి రన్ ఎడమకు. బాక్స్‌లో 8. ఎడమ గార్డు ఆలస్యం. 2 గజాలు వెనక్కి.
మూడో డౌన్, 11 గజాలు. ముగ్గురు రిసీవర్లు, డ్రా రన్ (పాస్ అన్నట్టు భ్రమపెట్టి ఆడే రన్). బాక్స్‌లో 5. 9 గజాలు.

లైన్ బలం ఎడమ నుంచి కుడికి (టాకిల్, గార్డు, సెంటర్, గార్డు, టాకిల్): 84, 61, 79, 82, 85.

కుడి గార్డు:

మీ జవాబు మీ లాగ్‌లోనే ఉంది. మూడో వరుస చూడండి, బాక్స్‌లో ఐదుగురే ఉంటే అదే మనిషి తొమ్మిది గజాలు లాగాడు. మూడో డౌన్ కాబట్టి అది వైఫల్యం కింద రాసుకుని మరిచిపోయి ఉంటారు. ఆ ఆటను ఒకటో డౌన్‌కు తీసుకురండి.

రెండోది ఆ 61. కుడివైపు 82, 85 పెట్టుకుని ఎడమవైపు ఎందుకు పంపుతున్నారండీ? ప్లేబుక్‌లో దిశ సమానం అని వదిలేసి ఉంటారు, చాలామంది దాని జోలికే పోరు. గార్డు దొరికేవరకు దిశను కుడికి మార్చండి. ఈ లీగ్‌లో రిసీవర్‌కు ఇచ్చే డబ్బుతో ఇద్దరు గార్డులు వస్తారు, అందరూ రిసీవర్ల వెంటే పడుతున్నారు కాబట్టి వేలంలో వాళ్లను అడిగే దిక్కు లేదు.

రెండు నిమిషాలు:

ఒక మాట ఎవరూ అనలేదు. గడియారం. పాస్ నేలపాలైతే గడియారం ఆగుతుంది, రన్ మైదానం లోపల ముగిస్తే నడుస్తూనే ఉంటుంది. తరువాతి ఆట మొదలుపెట్టడానికి 40 సెకన్లు ఉంటాయి కాబట్టి, అవతలివాళ్ల టైమ్‌అవుట్‌లు అయిపోయాక మూడు రన్‌లు ఆడితే రెండు నిమిషాల దాకా కరిగిపోతుంది. దూరపు పాస్ గారు ఆధిక్యంలో ఉండి కూడా చివర్లో పాస్‌లు వేసి రెండు మ్యాచ్‌లు చేజార్చుకోవడం నేను లైవ్‌లో చూశాను. ఆఖరి క్వార్టర్‌కు వేరే ప్రణాళిక పెట్టుకునే వీలు ఇంజన్‌లో ఉంది, వాడండి.

దూరపు పాస్:

ఆ రెండు మ్యాచ్‌ల సంగతి ఇప్పుడు అవసరమా?

నాలుగో డౌన్:

రన్నింగ్ బ్యాక్‌ను అమ్మడం లేదు. ఒకటో డౌన్‌కు ముగ్గురు రిసీవర్ల అమరిక పెట్టాను, దిశ కుడికి తిప్పాను, గార్డు కోసం వేలంలో ధర పాడాను. ఒక్క సందేహం మిగిలింది. ఒక గజమే కావాల్సినప్పుడు కూడా ఐ ఫార్మేషన్ వదిలేయాలా?

కుడి గార్డు:

వద్దు, అక్కడ ఉంచండి. అసలు ఆటలో కూడా ఒక గజం మిగిలినప్పుడు రన్ దాదాపు మూడింట రెండుసార్లు ఫలిస్తుంది, పాస్ అంతగా ఫలించదు. వీలైతే క్వార్టర్‌బ్యాక్ చేతనే మధ్యలోంచి దూరించండి. కాకపోతే సెంటర్ బలం 79 కదా, నాలుగో క్వార్టర్‌లో అతని స్టామినా ఎంత ఉంటోందో చూసుకుని ఆ పని పెట్టండి.