అమ్మకు షుగర్ బోర్డర్‌లో ఉంది, రోజూ సగం డార్క్ చాక్లెట్ తింటోంది. ఆపమనాలా?

బైరాగిపట్టెడ అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. అమ్మకి 56 ఏళ్లు. సంక్రాంతి తర్వాత చేయించిన రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు, 6.2 వచ్చింది. మాత్రలు ఇప్పుడే వద్దు, తిండి చూసుకోండి, నడవండి అన్నారు డాక్టరు గారు. ఆ రోజు నుంచి అమ్మ కాఫీలో చక్కెర మానేసింది, రాత్రి అన్నం మానేసి చిన్న సంగటి ముద్ద తింటోంది, కొండ మీద నుంచి ఎవరైనా లడ్డు తెచ్చిస్తే కళ్లకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుని మిగతాది పక్కింటికి పంపించేస్తోంది.

ఇంత పట్టుదలగా ఉన్న మనిషికి, బెంగళూరులో ఉన్న మా తమ్ముడు డార్క్ చాక్లెట్ గుండెకి మంచిది, బీపీ తగ్గిస్తుంది అని చెప్పి ఒక డబ్బా నిండా తెచ్చిపెట్టాడు. రెండు నెలలుగా రోజూ సాయంత్రం 80 గ్రాముల బార్‌లో సగం తింటోంది. మందు అనుకునే తింటోంది పాపం. బరువు రెండు కిలోలు పెరిగింది. ఆపమ్మా అందామంటే నాకు నోరు రావడం లేదు, ఇష్టమైనవన్నీ వదిలేసిన మనిషికి మిగిలిన తీపి అదొక్కటే. నిజంగా మంచిదేనా, మంచిదైతే ఎంత తినొచ్చు, తెలిసినవాళ్లు చెప్పండి.

చిత్తూరు డైట్:

చెల్లీ, నేను చిత్తూరులో డైటీషియన్‌గా పనిచేస్తాను. ఈ ప్రశ్న వారానికి ఇద్దరైనా అడుగుతారు. ముందు ఆ రేపర్ తిప్పి వెనక చూడు. డార్క్ అన్న మాట ముందు పెద్దక్షరాల్లో ఉంటుంది, అసలు సంగతి వెనక చిన్నక్షరాల్లో ఉంటుంది. అందులో కలిపినవాటిలో ఏది ఎక్కువ బరువు ఉంటే దాని పేరే ముందు రాయాలి కాబట్టి మొదటి పేరు చక్కెర అయితే అది చక్కెర మిఠాయి కిందే లెక్క. మన షాపుల్లో డార్క్ అని అమ్మే కొన్నింట్లో కోకో 50 శాతం దగ్గరే ఉంటుంది. అలాంటిది 40 గ్రాములు తింటే దాదాపు 18 నుంచి 20 గ్రాముల చక్కెర, అంటే నాలుగైదు టీ చెంచాలు. కాఫీలో మానేసినదంతా సాయంత్రానికి తిరిగి లోపలికి వెళ్తోంది. పైగా 200కి మించి కేలరీలు. బరువు ఎందుకు పెరిగిందో అక్కడే తెలిసిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో విడిగా కలిపే చక్కెర రోజు మొత్తం మీద 25 గ్రాముల లోపు ఉంటే మేలు.

గుండెకి మంచిది అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. కోకో గింజలో ఫ్లావనాల్స్ అనేవి ఉంటాయి, అవి రక్తనాళాలు సాగడానికి సాయం చేస్తాయి. కానీ పరిశోధనలు జరిగింది ఎక్కువగా ఆ పదార్థం మీద, బజారులో కొనే బార్ మీద కాదు. 2022లో ఫలితాలు వచ్చిన కాస్మోస్ అనే అమెరికా అధ్యయనంలో 21 వేల మందికి పైగా పెద్దవాళ్లను తీసుకుని, కొందరికి రోజూ 500 మిల్లీగ్రాముల ఫ్లావనాల్స్ ఉన్న కోకో క్యాప్సూల్స్ ఇచ్చారు. గుండె జబ్బుతో చనిపోయినవాళ్లు ఆ గుంపులో తక్కువగా ఉన్నారు, కానీ గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి చూస్తే తేడా గట్టిగా తేలలేదు. అవి క్యాప్సూల్స్, అందులో చక్కెర లేదు, వెన్న లేదు. అంత ఫ్లావనాల్ బార్‌తో తెచ్చుకోవాలంటే కేలరీలు ఎక్కడికో పోతాయి.

ఆపమనొద్దు, తగ్గించమను. 70 శాతం కోకో లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నది, 10 గ్రాములు, మధ్యాహ్నం భోజనం అయిన వెంటనే. అందులో చక్కెర 3 గ్రాములకి అటూ ఇటూ, కేలరీలు 60. ఖాళీ కడుపుతో వద్దు. రాత్రి కూడా వద్దు, కోకోలో కెఫీన్ ఉంటుంది, నిద్ర చెడుతుంది. అమ్మకి ఐరన్ మాత్రలు ఉంటే చాక్లెట్‌కీ వాటికీ రెండు గంటల ఎడం ఉండాలి, టీ లాగే కోకో కూడా ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. కిడ్నీలో రాళ్లు వచ్చిన చరిత్ర ఉంటే మాత్రం డాక్టరుని అడగకుండా తినొద్దు, రాళ్లు కట్టడానికి కారణమయ్యే ఆక్సలేట్ కోకోలో ఎక్కువ.

మామిడి తోట:

అక్కా, ఇవన్నీ ఎందుకు, మన చెనక్కాయలు, చిత్తూరు బెల్లం ఉండగా ఎక్కడి నుంచో వచ్చిన చాక్లెట్ దేనికి? రెండు చెనక్కాయ ఉండలు పెట్టండి, బలం, ఆరోగ్యం రెండూ.

చిత్తూరు డైట్:

తమ్ముడూ, చెనక్కాయల మాట నూటికి నూరు పాళ్లు నిజం, వేయించినవి గుప్పెడు తినడం ఏ చాక్లెట్ కన్నా మంచిదే. బెల్లం దగ్గరే ఒప్పుకోలేను. మన బెల్లం అంటే నాకూ ప్రాణం, మా తాతగారిది గానుగ ఇల్లే. అయినా షుగర్ ఉన్నవాళ్ల రక్తంలోకి వెళ్లాక అది చక్కెర చేసిన పనే చేస్తుంది. బెల్లం కదా అని ధైర్యంగా తిని షుగర్ 300 తెచ్చుకున్నవాళ్లను చూశాను కాబట్టి చెబుతున్నాను.

కోకో కోడలు:

మా పుట్టిల్లు ఏలూరు జిల్లా, పెళ్లయ్యాక చిత్తూరు వచ్చాను. మా నాన్నగారి కొబ్బరి తోటలో చెట్ల మధ్య కోకో ఉంది. దేశంలో కోకో ఎక్కువ పండేది మన రాష్ట్రంలోనే, అందులోనూ గోదావరి వైపే. కాయ కోసి గింజలు తీసి ఐదారు రోజులు పులియబెడతాం, తర్వాత ఎండబెడతాం. చిన్నప్పుడు ఎండిన గింజ కొరికి చూశాను, పచ్చి వక్క కొరికినట్టు నాలుక పట్టేసింది. ఆ వగరు తెచ్చేవే పైన అక్క చెప్పిన ఫ్లావనాల్స్. పులియబెట్టినప్పుడు కొంత, వేయించినప్పుడు కొంత పోతాయి. చేదు తగ్గడానికి, రంగు రావడానికి క్షారంతో శుద్ధి చేస్తారు, డచ్ పద్ధతి అంటారు, దాంతో చాలా వరకు పోతాయి. అందుకే నల్లగా ఉంటే మంచిదన్న లెక్క పనికిరాదు. బాగా నల్లగా, మెత్తటి రుచితో ఉన్న కోకో పొడి చాలాసార్లు అలా శుద్ధి చేసిందే అయి ఉంటుంది.

మా ఇంట్లో చక్కెర కలపని కోకో పొడి తెచ్చుకుంటాం. ఒక చెంచా పొడి కొంచెం వేడి నీళ్లలో ఉండకట్టకుండా కలిపి, పాలు పోసి, చిటికెడు దాల్చిన చెక్క పొడి వేసి మా అత్తమ్మకి ఇస్తాను. చక్కెర వెయ్యను. మొదట మొహం తిప్పుకుంది, పది రోజులకి తనే అడగడం మొదలుపెట్టింది. కొనేటప్పుడు డబ్బా మీద చూడండి, డ్రింకింగ్ చాక్లెట్ వేరు, కోకో పొడి వేరు. మొదటిదాంట్లో సగానికి పైగా చక్కెరే ఉంటుంది.

అలిపిరి నడక:

అడిగినదానికి కొంచెం పక్క సంగతి, కానీ షుగర్ ఉన్న ఇళ్లలో తప్పకుండా తెలియాలి. మా నాయనకి పదేళ్లుగా షుగర్, మాత్రలతో పాటు ఇన్సులిన్ కూడా ఉంది. రెండేళ్ల కింద అలిపిరి మెట్ల దారిలో కొండెక్కుతూ, గాలి గోపురం దాటాక చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. షుగర్ పడిపోయిందని అర్థమైంది, జేబులో ఉన్న చాక్లెట్ తినిపించాను. పావుగంట అయినా తేరుకోలేదు. నాకు కాళ్లు ఆడలేదు, ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. వెనక వస్తున్న ఒక అమ్మ తన సంచిలోంచి గ్లూకోజ్ పొడి తీసి నీళ్లలో కలిపి తాగించింది. పది నిమిషాల్లో నాయన కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచాడు.

తర్వాత డాక్టరు చెప్పారు, చాక్లెట్‌లో ఉన్న కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి నెమ్మదిగా ఎక్కుతుంది, షుగర్ పడిపోయినప్పుడు అది పనికిరాదు, 15 గ్రాముల గ్లూకోజో చక్కెరో నీళ్లలో కలిపి ఇచ్చి 15 నిమిషాలకి మళ్లీ పరీక్ష చెయ్యాలి అని. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఆస్పత్రికి తీసుకుపోవాలి. మీ అమ్మగారికి మాత్రలు లేవు కాబట్టి ఇప్పుడు ఈ భయం లేదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లతో కొండెక్కేవాళ్లు చాక్లెట్ నమ్ముకోకండి, గ్లూకోజ్ పొట్లం పెట్టుకోండి.

బైరాగిపట్టెడ అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. రేపర్ చూశాను. మొదటి పేరు చక్కెరే, కోకో 48 శాతం. అమ్మకి కళ్లజోడు ఇచ్చి తననే చదవమన్నాను, నేను చెబితే వినేది కాదేమో, తనే చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తమ్ముడికి ఫోన్ చేసి మిగతా డబ్బా వచ్చి తీసుకుపొమ్మంది. 70 శాతం ఉన్నది తెచ్చాను, మొదటి రోజు చేదని ఉమ్మేసింది. ఇప్పుడు చిన్న ముక్క, నాలుగు వేయించిన చెనక్కాయలు కలిపి నములుతోంది, బాగుంది అంటోంది. ఒక సందేహం మిగిలింది. డార్క్ చాక్లెట్‌లో సీసం ఉంటుందని ఎక్కడో చదివాను, నిజమేనా? మా పాపకి ఏడేళ్లు, అమ్మమ్మ తింటుంటే తనకీ కావాలంటుంది.

చిత్తూరు డైట్:

నిజమే. 2022 చివర్లో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే వినియోగదారుల సంస్థ వాళ్లు 28 డార్క్ చాక్లెట్ బార్లు పరీక్షిస్తే అన్నింట్లోనూ ఎంతో కొంత సీసం, కాడ్మియం అనే హాని చేసే లోహాలు కనిపించాయి. కాడ్మియం నేలలోంచి గింజలోకి వస్తుంది, సీసం ఎక్కువగా గింజలు ఆరబెట్టేటప్పుడు దుమ్ముతో అంటుకుంటుంది. కోకో శాతం పెరిగేకొద్దీ ఇవీ పెరిగే అవకాశం ఉంది. అమ్మకి వారంలో మూడు నాలుగు రోజులు ఆ చిన్న ముక్క పెట్టు, భయపడాల్సింది లేదు, ఒకే కంపెనీది కాకుండా మార్చి మార్చి కొను. పాపకి రోజూ అలవాటు చెయ్యొద్దు, ఎప్పుడైనా ఒక ముక్క చాలు. హెచ్‌బీఏ1సీ మూడు నెలల సగటు చెబుతుంది, కాబట్టి ఈ మార్పు మొదలైన తేదీ రాసిపెట్టుకుని అక్కడి నుంచి మూడు నెలలకి చేయించండి, వచ్చాక ఇక్కడ చెప్పు చెల్లీ.

బైరాగిపట్టెడ అమ్మాయి:

తప్పకుండా అక్కా. వంటింటి క్యాలెండర్ మీద అమ్మే తేదీకి సున్నా చుట్టింది.